ఆపింది ఆమె కాదు

మా బంధువుల్లో ఒక మాట స్థిరపడిపోయింది. నా చెల్లెలి ప్రాణం కోసం నా ఒంట్లోని కణాలు ఇవ్వడానికి నేను సిద్ధపడితే, నా భార్య అడ్డం పడి ఆపిందని. పెళ్ళి పందిళ్ళలో, దశదిన కర్మ భోజనాల దగ్గర, సంగారెడ్డి కూరగాయల మార్కెట్లో ఎదురుపడ్డప్పుడు కూడా ఈ మాట నడుస్తూనే ఉంది. కొందరు నా ముందే అంటారు, నా మీద జాలితో. "నువ్వేం జేస్తవ్ రా, ఇంట్ల ఆమెదే నడుస్తది గద" అని. ఇన్నాళ్ళూ ఆ జాలిని కాదనకుండా తీసుకున్నాను. నన్ను ఆమె ఆపలేదు. ఎవరూ ఆపలేదు.

మాది సంగారెడ్డికి దగ్గర్లో ఒక ఊరు. నాన్న ఉన్నన్నాళ్ళూ వ్యవసాయమే. భూమి కొంత ఫ్యాక్టరీల కింద పోయాక నేను పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో చేరాను. ఇప్పుడు అక్కడ ఒక బ్లాకుకు ఇన్‌చార్జిని. నా భార్యను మొదట చూసింది అక్కడే. ఆమె ల్యాబులో కెమిస్టుగా ఉండేది. వాళ్ళ నాన్న ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె పుట్టిందీ చదివిందీ ఈ చుట్టుపక్కలే. అయినా మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ఆమె పేరు "ఆంధ్రామె". ఆమె "అన్నం తిన్నానత్తయ్యా" అంటే మా మేనత్త "తిన్నానూ..." అని సాగదీసి వాకిట్లో ఉన్నవాళ్ళందరినీ నవ్వించేది. నా భార్య కూడా నవ్వేసేది. ఇంట్లో ఆమె తరఫున మాట్లాడే మనిషి ఒక్కతే, నా చెల్లెలు.

"అత్తా, నువ్వు టీవీ సీరియల్ సూసేటప్పుడు ఆ మాటలే ముచ్చటగా ఇంటవ్ గద. మా వదిన అంటెనే నవ్వొస్తదా?" అని ఒకసారి మేనత్త నోరు మూయించింది. వాళ్ళిద్దరూ ఒక జట్టు. చెల్లెలు పుట్టింటికి వచ్చిందంటే నాతో రెండు మాటలు మాట్లాడి వదినతో వంటింట్లో కూర్చునేది. వాళ్ళ నవ్వులు నాకు వినిపించేవి. చాలాసార్లు ఆ నవ్వులు నా గురించే.

చెల్లెల్ని వెలిమెల వైపు ఇచ్చాం. మా బావకు అక్కడ పొలం ఉంది. చుట్టూ ఆకాశమంత అపార్టుమెంట్లు లేచినా ఆయన ఇంకా టమాట వేస్తాడు, రెండు బర్రెల్ని మేపుతాడు. పెళ్ళయిన కొన్నేళ్ళకు చెల్లెలికి చలికాలంలో చన్నీళ్ళు తగిలితే వేళ్ళు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా అయ్యేవి. చలికి అనుకున్నాం. తర్వాత వేళ్ళ మీద చర్మం బిగుసుకుంది. తర్వాత ముంజేతులు, మెడ, ముఖం. నోరు పూర్తిగా తెరుచుకునేది కాదు. ఒకసారి మా ఇంటికి వచ్చి, పిండి ముందు కూర్చుని, చేతులు చూసుకుంటూ "రొట్టె కొట్టొస్తలేదు వదినా" అంది. నా భార్య ఆ పిండి గిన్నె తన వైపు లాక్కుని, జొన్న రొట్టె కొట్టడం తనకు చేతకాకపోయినా, అటూ ఇటూ చిరిగిపోయిన రొట్టెలు చేసి పెట్టింది. ఆ రోజు ఇద్దరూ ఆ రొట్టెల్ని చూసి పడీ పడీ నవ్వారు.

చివరికి హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో జబ్బు పేరు తెలిసింది. స్క్లెరోడెర్మా. ఒంటికి కాపలా కాయాల్సిన రక్తకణాలే ఒంటి మీద తిరగబడతాయట. ఏళ్ళ తరబడి మందులు మింగింది. మందుల వల్ల ముఖం ఉబ్బింది గానీ చర్మం మెత్తబడలేదు. ఆ తర్వాత జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇంటి ముందు నాలుగు మెట్లెక్కి, గడప పట్టుకుని ఆగి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు లోపలికి వచ్చేది.

అప్పుడు డాక్టరమ్మ మా అందర్నీ కూర్చోబెట్టి ఒక కొత్త చికిత్స గురించి చెప్పింది. తప్పు దారి పట్టిన కణాల్ని వెతికి తీసేసేలా, వేరే తెల్లకణాల్ని ల్యాబులో మార్చి ఒంట్లోకి ఎక్కిస్తారు. మామూలుగా అయితే రోగి కణాలే తీసుకోవచ్చు. కానీ ఇన్నేళ్ళ మందులతో ఈమె కణాలు నీరసించిపోయాయి. అందుకని ఆరోగ్యంగా ఉన్న మనిషివి కావాలి. "ఇది ఇంకా ప్రయోగమేనండి. పని చేస్తుందని నేను మాటివ్వలేను. హాని జరగదని కూడా మాటివ్వలేను. కానీ ఊపిరితిత్తులు ఇలాగే బిగుసుకుంటూ పోతే మన చేతిలో ఉన్న కాలం తక్కువ" అంది. ముందు తోబుట్టువుల్ని చూస్తామని, కలవకపోతే బయటి దాతను వెతుకుతామని, దానికి సమయం పడుతుందని కూడా చెప్పింది.

మా అమ్మ అన్నది ఒకటే మాట. "తోడబుట్టినోడు ఉండంగ ఎవని రక్తమో ఎందుకు? మా వోడు ఇస్తడు."

నేను తల ఊపాను. పరీక్షకు రక్తం ఇచ్చాను. ఊళ్ళో ఆ సంగతి నా కంటే ముందే చేరింది. కనిపించినవాళ్ళల్లా భుజం తట్టారు. ఇంకా ఇవ్వని దానికి నాకు మెప్పు వచ్చేసింది. అది నాకు బాగానే ఉంది కూడా.

కొన్నాళ్ళకు ఆసుపత్రి నుంచి ఫోన్. కణాలు కలిశాయి. ఒక రోజు రమ్మని, కణాలు తీసే గది చూపించారు. ఎవరో ఒక కుర్రాడు వాలుకుర్చీలో పడుకుని ఉన్నాడు. రెండు చేతులకూ గొట్టాలు. ఒక చేతి నుంచి రక్తం యంత్రంలోకి పోతోంది, కావలసిన కణాలు అక్కడ ఆగిపోగా మిగతాది రెండో చేతిలోకి తిరిగి వస్తోంది. అతను ఫోన్లో క్రికెట్ చూస్తూ, నర్సు నోటికి అందిస్తున్న బిస్కెట్ తింటున్నాడు. ఒక పూట పని, అంతే. కోత లేదు, కుట్లు లేవు. సాయంత్రానికి ఇంటికి పోవచ్చు.

నేను మందులు ఉడికే ఇల్లంత రియాక్టర్ల మధ్య బతికే మనిషిని. ఆవిరి లైను పగిలి మనుషులు కాలడం చూశాను. అలాంటిది ఆ సన్నటి గొట్టంలో ఎర్రగా కదులుతున్న రక్తాన్ని చూడలేక గోడ వైపు తిరిగాను. డాక్టరమ్మ ఇంకేవో చెప్తోంది. దాత కణాలు ఒక్కోసారి రోగి ఒంటితో పేచీ పెట్టుకోవచ్చని, అలా జరగకుండా మార్పులు చేస్తామని, అయినా చెప్పడం తన బాధ్యతని. ఆ మాట ఒక్కటి పట్టుకున్నాను. నా కణాల వల్లే చెల్లెలు చచ్చిపోతే ఊరు నన్నేమంటుంది అని నాకు నేను చెప్పుకోవడం మొదలుపెట్టాను. చాలా కాలం అదే అసలు కారణమని నమ్మాను. అందులో కొంచెం పరువుంది కాబట్టి నమ్మాను. నిజం అది కాదు. నేను సూదికీ గొట్టానికీ భయపడ్డాను. దీన్ని ఎన్ని వైపుల నుంచి తిప్పి చూసినా ఇంతకంటే పెద్ద కారణం దొరకలేదు.

కణాలు ఇవ్వడానికి రమ్మన్న రోజు నా భార్య సెలవు పెట్టింది. ఇడ్లీలు పెట్టింది, మధ్యాహ్నానికి పెరుగన్నం కలిపింది, కొబ్బరినీళ్ళు సీసాలో పోసింది. పోతిరెడ్డిపల్లిలో మా ఇంటి నుంచి కారులో బయల్దేరాం. ఇస్నాపూర్ దగ్గర లారీల మధ్య ఇరుక్కున్నప్పుడు కూడా ఆమె మాట్లాడుతూనే ఉంది. "మీరు ఆ గొట్టం వైపు చూడకండి. నేను పక్కనే కూర్చుంటాను. నా మొహం చూస్తూ ఉండండి. ఇన్నేళ్ళు చూడలేదు కదా, ఒక పూట చూస్తే మొక్కు తీరుతుంది" అని నవ్వించడానికి ప్రయత్నించింది. అంటే నా భయం ఆమెకు ముందే తెలుసు.

ఆసుపత్రి మెట్ల దగ్గర నేను జేబులోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాను. రెండు మాటలు నాకు నేనే మాట్లాడుకున్నాను.

"ప్లాంటులో ఏదో సమస్యట. వెళ్ళాలి."

ఆమె నా మొహం చూసింది. "ఫోన్ మోగలేదు కదండీ."

"వైబ్రేషన్లో ఉంది."

"పైకి వచ్చి మీరే ఒక మాట చెప్పి వెళ్ళండి పోనీ. వాళ్ళు అంతా సిద్ధం చేసుకుని ఉంటారు."

"నువ్వు చెప్పు. ఇంకో రోజు వస్తానని చెప్పు."

కారు తీసుకుని వచ్చేశాను. ప్లాంటుకు కూడా వెళ్ళలేదు. ముత్తంగి దాటాక రోడ్డు పక్కన ఒక టీ కొట్టు దగ్గర కారు ఆపి సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆమె పైకి వెళ్ళింది. నా తరఫున క్షమాపణ చెప్పింది. ఇంకో తేదీ ఇమ్మని బతిమాలింది. నేను మనసు మార్చుకుని తిరిగొస్తానేమో అని అక్కడే కుర్చీలో ఎదురుచూసింది. తర్వాత బస్సెక్కి ఇంటికి వచ్చింది. పెరుగన్నం డబ్బా మూత తీయలేదు.

ఆమె వచ్చేలోపే నేను అమ్మకు ఫోన్ చేశాను. "కలుస్తలేవన్నరమ్మా, వేరేటోళ్ళవి తీస్కుంటరంట" అన్నాను. అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే "నువ్వు పరేషాన్ గాకు కొడుకా, నువ్వు జేయాల్సింది జేసినవ్" అంది.

ఆసుపత్రి వాళ్ళు ఇంకో తేదీ ఇచ్చారు. ఆ తేదీకీ నేను పోలేదు. ఇక రానని ఫోన్లో చెప్పేశాను. ఆ రెండు తేదీల మధ్య మా ఇంట్లో ఏం జరిగిందో నాకూ నా భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె అడిగింది, బతిమాలింది, కోప్పడింది, అన్నం మానేసింది. "ఆవిడ ఊపిరండీ అది. మీరు వెయిటింగులో పెట్టేది ఊపిరిని" అంది. ఆ రోజు నేను అన్న మాట కూడా ఇక్కడ రాయాలి. "అది నా చెల్లెలు. నడుమ నీకెందుకు?" అన్నాను. ఆమె ఇక ఆ విషయం ఎత్తలేదు.

ఆమెను ఒకటి మాత్రం అడిగాను. కలవలేదని అమ్మకు చెప్పానని, ఆ మాటే ఉంచమని. "అబద్ధం నేను చెప్పను. ఎవరైనా అడిగితే నిజం చెప్తాను. అడగకపోతే ఊరుకుంటాను" అంది. ఆమెను ఎవరూ అడగలేదు. మా ఇళ్ళలో కోడలి మీద తీర్పు చెప్తారు గానీ కోడల్ని అడగరు.

బయటి దాత కోసం బావ ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాడు. ఒక రోజు కౌంటర్ దగ్గర అమ్మాయి మాటల్లో జారింది. మీ బావగారివి కలిశాయి కదా, ఆ రోజు వాళ్ళ మేడమే వచ్చి సారు రారని చెప్పి వెళ్ళారు కదా అని. బావ నాకు అక్కడి నుంచే ఫోన్ చేశాడు.

"బావా, కలుస్తలేవన్నవ్ గద. కలిసినయంటున్నరు. అక్క వచ్చి నువ్వు రావని చెప్పి పోయిందంట. ఏంది గిది?"

ఇక్కడ నేను నిజం చెప్పి ఉండవచ్చు. ఏం చెప్పాలో తోచక మౌనంగా ఉన్నా ఇంత పాపం ఉండేది కాదు. నేను అన్నాను: "ఇంట్ల పరిస్థితి నీకు ఎర్కనే గద బావా."

అంతే. ఆమె పేరెత్తలేదు. ఆపిందని అనలేదు. అవతల బావ "అట్లనా" అన్నాడు. సాయంత్రానికి ఆ మాట వెలిమెల నుంచి మా ఊరికి చేరింది.

మా ప్లాంటులో ఒక పద్ధతి ఉంది. ఏదైనా బ్యాచ్ పాడైతే కారణం వెతకాలి. వాల్వు సరిగా లేదని రాస్తే ఇంజినీరింగ్ వాళ్ళు ఒప్పుకోరు. పద్ధతి తప్పని రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరు. అందరూ ఒప్పుకునే కారణం ఒకటుంటుంది: ఆ షిఫ్టులో ఉన్న కాంట్రాక్టు కూలీ, ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చినవాడు, తప్పు చేశాడు. అతనికి మన భాష రాదు, అతని తరఫున మాట్లాడేవాడు లేడు. అలాంటి కారణాల కింద నేను ఏళ్ళుగా సంతకాలు పెట్టాను. ఇంట్లో నాకు ఆ మాట అంత తేలిగ్గా నోటికి రావడానికి ఆ అలవాటు కూడా పనికొచ్చిందని ఇప్పుడు అనిపిస్తుంది. మా ఇంట్లో బయటినుంచి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

బయటి దాత దొరకడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో చెల్లెలికి పొడి దగ్గు పట్టుకుంది. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం పెట్టారు. చివరికి ఎవరో, పేరు కూడా చెప్పరు, ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అతని కణాల్ని మార్చి, ఒక చిన్న సంచిలో తెచ్చి చెల్లెలికి ఎక్కించారు. తర్వాత జ్వరం ముంచుకొచ్చింది. కొన్ని రోజులు ఎటూ తేలలేదు. బయటపడింది. మెల్లగా వేళ్ళు కదిలాయి. ముఖం మీద చర్మం వదులైంది. నవ్వితే నవ్వినట్టు కనిపించడం మొదలైంది. కానీ ఊపిరితిత్తుల్లో గట్టిపడిన భాగం గట్టిపడినట్టే ఉంది. "పోయింది తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టుకోవాలి" అంది డాక్టరమ్మ. ఆ నెలలు వృథా కాకపోయి ఉంటే ఎంత మిగిలేదో ఎవరూ చెప్పలేరు. ఎవరూ చెప్పలేరన్న దాన్ని నేను ఊరటగా వాడుకోకూడదు.

కాస్త తేరుకున్నాక చెల్లెలికి ఒడిబియ్యం పోయాలని అమ్మ పట్టుబట్టింది. ఇంటి ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, కొంగులో పసుపు కలిపిన బియ్యం పోసి పంపడం మా వైపు ఆచారం. ఊళ్ళో అందర్నీ పిలిచాం. ముందుగా పోయాల్సింది అన్నా వదినలు. చెల్లెలు పీట మీద కూర్చుని, ఇంకా పూర్తిగా ముడవని వేళ్ళతో కొంగు పట్టుకుంది. నా భార్య వంగి దోసిలి చాపింది. చెల్లెలు కొంగు రెండు అంచులూ దగ్గరికి లాగి మూసేసింది.

"నీ చేతి బియ్యం నాకొద్దు వదినా."

డప్పు వాళ్ళు కూడా ఆగిపోయారు. మేనత్త వెనక నుంచి, "మరి ఏమనుకుంటివి? ప్రాణం మీదికి వచ్చినప్పుడు మొగని చెయ్యి పట్టి గుంజి, ఇయ్యాల బియ్యం పోస్తదంట" అంది. చెల్లెలి కళ్ళల్లో కోపం లేదు. అంతకంటే పెద్దది ఏదో ఉంది. వదిన కోసం మేనత్తతో పోట్లాడిన తనకే ఆ వదిన ఇలా చేసిందా అన్న బాధ. నా భార్య నా వైపు చూసింది. ఒకే ఒక్కసారి. నా చేతుల్లో బియ్యం ఉన్నాయి. నేను నోరు విప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నేను వంగి నా బియ్యం పోశాను. చెల్లెలు కొంగు తెరిచి పట్టుకుంది. నా చేతుల మీద ఆమె కన్నీళ్ళు పడ్డాయి. "నీ చేతుల ఏముందన్నా" అంది.

నా భార్య తన దోసిట్లో బియ్యాన్ని పళ్ళెంలో పోసి, వంటింట్లోకి వెళ్ళి, వచ్చినవాళ్ళకు వడ్డించడానికి విస్తళ్ళు తుడవడం మొదలుపెట్టింది. ఆ రోజు అందరికీ ఆమే వడ్డించింది.

ఆ తర్వాత మా ఊరికి రావడం మానేసింది. నేను ఒక్కడినే వెళ్ళొచ్చేవాడిని. ఎవరూ ఎందుకని అడగలేదు.

ఈ ఏడు చెల్లెలికి దగ్గు మళ్ళీ మొదలైంది. మరొకసారి కణాలు ఎక్కించి చూద్దామన్నారు డాక్టర్లు. మళ్ళీ దాత కావాలి. ఒక ఆదివారం బావ మా ఇంటికి వచ్చాడు. పొలం మీద ఎవరెంత ధర చెప్పినా తల వంచని మనిషి. సోఫాలో కూర్చోలేదు. నన్ను దాటుకుని పోయి, వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న నా భార్య కాళ్ళకు వంగబోయాడు. ఆమె బెదిరి వెనక్కి జరిగింది.

"అక్కా, నీకు దండం బెడ్త. ఒక్కసారి పంపు. గీ ఒక్కసారి ఆపకు. పిల్లలున్నరు నాకు."

ఆమె ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. చెప్పేస్తే బాగుండునని కూడా అనుకున్నాను, నేను చెప్పే పని తప్పుతుంది కాబట్టి. ఆమె నా వైపు చూడకుండానే ఆయనతో అంది, "సరేనండి అన్నయ్యగారూ. పంపిస్తాను. ఈసారి ఆయన వస్తారు."

ఆ నింద ఆమె తన నోటితో ఒప్పుకుంది. నేను తప్పించుకునే దారి మూయడానికి ఒప్పుకుంది. తాను ఆపానని ఒప్పుకుంటే ఇక నేను వెళ్ళక తప్పదు. నా చెల్లెలి ఊపిరి కోసం, తనకు కొంగు మూసేసిన మనిషి ఊపిరి కోసం, ఆమె ఆ పని చేసింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు. బావ కళ్ళు తుడుచుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఈసారి వెళ్ళాను. భయం పోయి కాదు. పరీక్షలన్నీ చేశారు. నాలుగు రోజుల తర్వాత డాక్టరమ్మ పిలిచి నా కాలేయం రిపోర్టు బాగా లేదని, కారణం తేలేదాకా నా కణాలు తీసుకోలేమని చెప్పింది. ఇన్నేళ్ళు ఆ బ్లాకులో సాల్వెంట్ల ఘాటు ఆవిర్ల మధ్య ఉన్నానని, అప్పుడప్పుడు తాగుతానని చెప్పాను. "రెండేళ్ళ కింద మీ రిపోర్టు చాలా బాగుంది" అంది ఆమె, ఏ ఉద్దేశమూ లేకుండా, కాగితాలు సర్దుకుంటూ.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ నమ్మలేదు. బావ నమ్మలేదు. "మళ్ళా గదే కథనా" అన్నాడు. సాయంత్రానికి మేనత్త అన్న మాట నాకు చేరింది: "కాళ్ళ మీద పడ్డా కరగలె సూడు ఆ ఆంధ్రామె." నిజం చెప్పిన మొదటిసారి కూడా దెబ్బ ఆమెకే తగిలింది. అప్పుడు బండి తీసి వెలిమెల వెళ్ళాను.

చెల్లెలు మంచం మీద, ముక్కుకు గొట్టంతో కూర్చుని ఉంది. అమ్మ కూడా అక్కడే ఉంది. బావ గడప మీద కూర్చున్నాడు. మొదటి నుంచి చెప్పాను. ఫోన్ మోగలేదని చెప్పాను. టీ కొట్టు సంగతి చెప్పాను. బావతో అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి బావ తలెత్తి చూశాడు.

అమ్మ ఒప్పుకోలేదు. "వాడు పెండ్లాన్ని ఎనకేసుకొస్తుండు బిడ్డా. గా సూదికి బయపడేటోడా వీడు?"

"అమ్మా, నువ్వు జెర ఊకో" అంది చెల్లెలు. తర్వాత నన్ను అడిగింది. "వదినకు ఎర్కనా గిదంతా?"

"ఎర్కనే."

"మరి నేను కొంగు మూస్తే ఎందుకు చెప్పలె?"

"నన్ను చెప్పనిద్దామని."

చెల్లెలు యంత్రం చప్పుడులో కాసేపు ఊపిరి పీల్చుకుంది. "నువ్వు ఇయ్యకుంటే ఇయ్యకపోతివి. బయం నాకు గూడ ఉంటది. నేను ఎవ్వరికీ చెప్పకపోదును. నాకున్న ఒక్క వదినను నాకు కాకుంట జేసినవ్ గదనే" అంది. "పో అన్నా ఇగ. నిన్ను సూస్తుంటే దగ్గొస్తుంది."

నేను బయటికి వస్తుంటే వెనక ఆమె ఫోన్లో "వదినా..." అనడం వినిపించింది. ఆ తర్వాత వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి నా భార్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఏడ్చినట్టుంది, మొహం కడుక్కుంది. చెప్పేశానని అన్నాను. నాకు లోపల ఎక్కడో, ఆమె మెచ్చుకుంటుందని ఉంది.

"ఎవరెవరు ఉన్నారక్కడ?" అంది.

"అమ్మ, చెల్లె, బావ."

"ఆ రోజు ఊరంతా ఉందండీ" అంది. కాయలు తుంచుతూనే ఉంది.

అందుకే ఆ తర్వాత నెలలో మా పెదనాన్న కొడుకు గృహప్రవేశంలో, భోజనాల దగ్గర అందరూ ఉన్నప్పుడు లేచి చెప్పాను. పిల్లలు గోల చేస్తున్నారు. సగం మంది వినలేదు. విన్నవాళ్ళలో మా మేనత్త నవ్వింది. "పెండ్లాం రాసిచ్చిన ముచ్చట మంచిగనే అప్పజెప్పినవ్ రా" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో నా విస్తట్లో లడ్డు వేశారు. నా భార్య ఆ బంతిలోనే, చెల్లెలి పక్కన, తలవంచుకుని కూర్చుని ఉంది. చెల్లెలు మాత్రం అన్నం ముందు నుంచి లేచి, ఆక్సిజన్ డబ్బా బావ పట్టుకుని వెంట రాగా, మేనత్త దాకా నడిచి వెళ్ళి ఏదో అంది. మేనత్త నవ్వు ఆగింది గానీ నమ్మిందని చెప్పలేను.

చెల్లెలికి రెండోసారి కూడా తెలియని మనిషి కణాలే ఎక్కించారు. ఎలా పనిచేస్తున్నాయో ఇప్పుడే చెప్పలేమంటున్నారు. నా భార్య వారానికోసారి వెలిమెల వెళ్తోంది. నన్ను తీసుకెళ్ళమని అడగదు. స్కూటీ మీద తానే వెళ్ళి వస్తుంది.

నోటితో చెప్పింది నోటితోనే కొట్టుకుపోతుందని అర్థమయ్యాక ఇది రాశాను. అచ్చులో చూస్తే కొందరైనా నమ్ముతారు. మేనత్తకు చదువు రాదు. ఆమెకు నేనే చదివి వినిపించాలి. బావతో ఫోన్లో నేను అన్న మాట దగ్గర ఆమె నన్ను ఆపి, మళ్ళీ చదవమంటుంది. మళ్ళీ చదువుతాను.